ఎలుకను పట్టుకునే ముందు

ఫిజియాలజీలోనో ఫార్మకాలజీలోనో పీజీకి చేరిన కొత్తలో చాలామందికి ఒకటే తొందర. ఎలుకలు ఎప్పుడొస్తాయి, డోసింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, రీడింగులు ఎప్పటికి చేతికొస్తాయి, థీసిస్ ఎప్పుడు బైండింగ్‌కి ఇవ్వాలి. గైడ్ అడిగేదీ అదే, ఇంట్లోవాళ్లు అడిగేదీ అదే. ఈ హడావుడిలో ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. జంతువు మీద చేసే ప్రయోగంలో మొట్టమొదటి పరికరం మీ చేయి. దాన్ని సరిచూసుకోకుండా లక్షల రూపాయల మెషిన్లు పెట్టుకున్నా లాభం లేదు. బెదిరిన ఎలుక గుండె వేగం వేరు, రక్తపోటు వేరు, రక్తంలో చక్కెర కూడా వేరు. మందు పనితనాన్ని కొలుస్తున్నామని మీరు అనుకుంటారు. ఆ పూట కొలిచింది మీరంటే దానికున్న భయాన్నే కావచ్చు.

ఇది జాలిగుండె ఉన్నవాళ్లు చెప్పే నీతి కాదు, ప్రయోగాల్లో తేలిన విషయం. 2010లో జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ అనే బ్రిటిష్ పరిశోధకులు చిట్టెలుకలను తోక పట్టి ఎత్తడం, రెండు దోసిళ్లలోకి తీసుకోవడం, చిన్న గొట్టంలోకి నడిపించి ఎత్తడం, ఈ మూడు పద్ధతులనూ పోల్చిచూశారు. తోక పట్టి ఎత్తినవి మనిషి చేయి కనబడితేనే దూరంగా జరిగాయి, వాటిలో ఆందోళన ఎక్కువగా కనిపించింది. గొట్టానికీ దోసిలికీ అలవాటుపడ్డవి తమంతట తామే దగ్గరకొచ్చాయి. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి ఇంకో వింత బయటపడింది. గదిలో మగవాళ్లుంటే, వాళ్లు వేసుకున్న చొక్కా ఉన్నా చాలు, ఆ వాసనకే ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి తెలియడం తగ్గుతోంది. సోమవారం రీడింగులు అబ్బాయి తీసి, మంగళవారం రీడింగులు అమ్మాయి తీస్తే ఆ రెంటి మధ్య తేడాలో మందు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? నొప్పి మీద పనిచేసేవాళ్లు మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి రీడింగులు తీసేలా చూసుకోవాలి. అది కుదరకపోతే ఏ రోజు ఎవరు తీశారో నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

అందుకే నా సలహా తిరగేసిన క్రమంలో ఉంటుంది. ముందు యానిమల్ హౌస్‌కు అలవాటుపడండి. తర్వాత ప్రాణం లేని కణజాలం మీద చేయి సాధన చేయండి. సినాప్సిస్ రాయడం ఆ తర్వాతే.

యానిమల్ హౌస్‌లో మొదటి రోజులు

మీ సంస్థలో జంతువుల గురించి బాగా తెలిసింది ప్రొఫెసర్‌కు అనుకుంటే పొరపాటు. రోజూ పొద్దున్నే పంజరాలు కడిగి, వరిపొట్టు మార్చి, నీళ్ల సీసాలు నింపే అటెండర్‌కు తెలుసు. ఏ పంజరంలో ఏది మేత తినడం మానేసింది, ఏది పక్కదాన్ని కొరుకుతోంది, ఏ ఆడ ఎలుక ఈనడానికి సిద్ధంగా ఉంది, ఇవన్నీ ఆయన చూపుతోనే పట్టేస్తాడు. "అన్నా, ఇవాళ మీతో పాటు నేనూ పంజరాలు మారుస్తా" అని అడిగి చూడండి. ముందు నవ్వుతాడు, తర్వాత నేర్పుతాడు. పీహెచ్‌డీ చేస్తూ పొట్టు మార్చడం నామోషీ అనుకునేవాళ్లు ఈ రంగంలో ఎక్కువ దూరం పోలేరు. అలాంటివాళ్లను చూసే ఈ మాట అంటున్నాను.

మొదట్లో ఏమీ చేయకండి, ఊరికే చూడండి. ఎలుకలు రాత్రి జీవులు. మనం పగలు పది గంటలకు వెళ్లి పంజరం తెరిచామంటే అవి గాఢనిద్రలో ఉన్న వేళకు వెళ్లినట్టే. ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరాన్ వాటిలో చీకటి పడే వేళకు పతాకస్థాయికి చేరుతుంది. మన కార్టిసాల్ తెల్లవారుజామున పెరుగుతుంది, వాటిది దానికి తలకిందులు. అందుకని రక్తం ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి, ఇంకోరోజు సాయంత్రం ఐదింటికి తీసి రెండింటినీ ఒకే పట్టికలో వేస్తే అది పట్టిక కాదు, కలగూరగంప. గదిలో దీపాలు 12 గంటలు వెలిగి 12 గంటలు ఆరాలి. ఉష్ణోగ్రత 22 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మే నెలలో మన ఊళ్లలో కరెంటు పోతే ఏసీకి జనరేటర్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఒక్క మధ్యాహ్నపు వేడి నెలల తరబడి చేసిన పనిని చెడగొట్టగలదు.

చూస్తుండగానే ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఎలా ఉంటుందో కళ్లకు తెలిసిపోతుంది. బొచ్చు నున్నగా, శుభ్రంగా ఉంటుంది. కళ్లు పూర్తిగా తెరుచుకుని మెరుస్తుంటాయి. మనిషి అలికిడైతే ముక్కు ఆడిస్తూ పంజరం ముందుకొస్తుంది. జబ్బుపడ్డదో నొప్పితో ఉన్నదో అయితే వీపు గూనిగా వంచి మూలకు నక్కుతుంది. బొచ్చు నిక్కబొడుచుకుంటుంది, కళ్లు సగం మూసుకుంటాయి. ఒక్కోసారి కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి మరక కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని రక్తమనుకుని కంగారుపడతారు. అది రక్తం కాదు, కంటి వెనక గ్రంథి నుంచి కారే పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ ఎలుక ఒత్తిడిలో ఉందనో, జబ్బుపడిందనో చెప్పే గుర్తు అదే.

ఇక పట్టుకోవడం. చేతి తొడుగులు, మాస్కు, ఏప్రన్ వేసుకున్నాకే లోపలికి వెళ్లాలి. ఎలుకల మూత్రంలోని ప్రొటీన్లు గాల్లో తేలుతుంటాయి. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో కొందరికి తుమ్ములు, దద్దుర్లతో మొదలై ఉబ్బసం దాకా వస్తుంది. "మాకేం కాదులే" అనే సీనియర్లను చూసి మాస్కు తీసేయకండి. సెంటు, అత్తరు పూసుకుని వెళ్లొద్దు. చేయి పంజరంలో పెట్టి కాసేపు కదలకుండా ఉంచండి. అది వచ్చి వాసన చూసి, వేళ్ల మీదికెక్కి దిగిపోతుంది. పోనివ్వండి. మర్నాడు భుజాల వెనక అరచేయి పెట్టి, బొటనవేలు ఒక ముందుకాలి కిందికి, మిగతా వేళ్లు రెండో వైపు నుంచి ఛాతీ చుట్టూ పోనిచ్చి ఎత్తండి. రెండో చేత్తో వెనక కాళ్లకు ఆసరా ఇవ్వండి. పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు తల కింద చేయి పెడతాం కదా, ఇక్కడ ఆ ఆసరా నడుముకు కావాలి. కాళ్లు గాల్లో వేలాడితే అది గింజుకుంటుంది, గింజుకుంటే మీరు గట్టిగా నొక్కుతారు, నొక్కితే ఊపిరాడక కరుస్తుంది. కాటు తప్పు ఎలుకది కాదు. కరిస్తే విసిరికొట్టకుండా పంజరంలో దించి, సబ్బునీళ్లతో గాయం బాగా కడిగి, రిజిస్టర్‌లో రాసి, టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగండి.

రోజూ కొద్ది నిమిషాలపాటు ఇలా ఎత్తి దించుతుంటే ఒకటి రెండు వారాల్లో అవి మీ చేతికి అలవాటుపడతాయి. ఈ రోజులు వృథా అయ్యాయని అనుకునేవాళ్లు తర్వాత రక్తపోటు కొలిచేటప్పుడు దానికి రెట్టింపు సమయం పోగొట్టుకుంటారు.

కోడిపేగుతో మొదలుపెట్టండి

జంతుప్రయోగ విద్యలో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే, అందులో సగం విద్యను ఒక్క జంతువునూ చంపకుండా నేర్చుకోవచ్చు. మునుపు మెడికల్ కాలేజీలో కప్ప కాలి కండరాన్ని తీసి, పొగపట్టించిన డ్రమ్ము మీద గీతలు గీయించేవారు. ఆ కైమోగ్రాఫ్‌ను 1840ల్లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ తయారుచేశాడు. ఇప్పుడా కప్పలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. జువాలజీ, లైఫ్ సైన్సెస్ కోర్సుల్లో జంతువుల కోతను ఆపమని యూజీసీ 2014లో చెప్పింది. ఫార్మకాలజీ క్లాసుల్లో కంప్యూటర్ సిమ్యులేషన్లు వచ్చాయి. గ్రాఫు ఎలా ఉంటుందో సిమ్యులేషన్ నేర్పుతుంది. దారం ముడి ఎలా వేయాలో మాత్రం నేర్పదు. ఆ లోటును చికెన్ షాపు తీరుస్తుంది.

ఆదివారం పొద్దున్నే షాపు తెరిచే వేళకు వెళ్లండి. ఫ్లాస్కులో చల్లటి టైరోడ్ ద్రావణం (తయారీ లెక్క కింద ఇచ్చాను) తీసుకెళ్లండి. వాళ్లు ఎలాగూ పారేసే పేగును అడిగి తీసుకుని, ఆలస్యం లేకుండా ద్రావణంలో వేసుకుని ల్యాబ్‌కు రండి. చిన్నపేగు చివరి భాగం, ఇలియం, రెండు మూడు సెంటీమీటర్ల ముక్క చాలు. పక్కన అంటుకున్న పొరను కత్తెరతో జాగ్రత్తగా తీసేయాలి. లోపలి మురికిని పిపెట్‌తో ద్రావణం మెల్లగా పోసి కడగాలి. గట్టిగా చిమ్మితే కండరం సాగి పాడవుతుంది. ముక్క మధ్యభాగానికి ఫోర్సెప్స్ తగలకూడదు, అంచుల దగ్గరే పట్టుకోవాలి. సూదితో గోడకు ఒక పక్కనే దారం గుచ్చి ముడేయాలి. గొట్టం నోరు మూసుకుపోయేలా కట్టకూడదు. ఒక దారం ఆర్గాన్ బాత్‌లోని టిష్యూ హోల్డర్‌కు, రెండోది లీవర్‌కో ట్రాన్స్‌డ్యూసర్‌కో. బాత్ 37 డిగ్రీల దగ్గర, గాలి బుడగలు ఒకే వేగంతో రావాలి. కండరాన్ని అరగంట వదిలేయండి, పది నిమిషాలకోసారి ద్రావణం మార్చండి. అప్పుడుగానీ అది స్థిమితపడదు.

తర్వాత అసిటైల్‌కొలీన్. 0.1 మిల్లీలీటర్, 0.2, 0.4, 0.8, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. 30 సెకన్లు బేస్‌లైన్, 30 సెకన్లు మందు, ఆపైన కడుగుడు, ఐదు నిమిషాలకు ఒక చక్రం. మొదట్లో గ్రాఫు గాలికి రెపరెపలాడే గీతలా వస్తుంది. ముడి వదులైందనో, బుడగలు కండరానికి కొట్టుకుంటున్నాయనో మీకు మీరే కనిపెట్టాలి. ఒకే డోసుకు వరసగా మూడుసార్లు ఒకే ఎత్తు వచ్చిందంటే మీ చేయి కుదురుకున్నట్టు. అట్రోపిన్ వేశాక ఆ ఎత్తు పడిపోవడం కళ్లారా చూస్తే రిసెప్టర్ గురించి చదివిన పాఠమంతా ఒక్కసారిగా అర్థమవుతుంది. మేక శ్వాసనాళం ముక్కలతో, మేక గుండెతో కూడా ఇలాగే సాధన చేయొచ్చు. కుట్లు వేయడానికి కోడి తొడ మీది చర్మం చాలు.

టైరోడ్ తయారీ దగ్గరే చాలామంది ఓడిపోతారు. అందుకే లెక్క ఇస్తున్నాను. లీటరుకు సోడియం క్లోరైడ్ 8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.2, కాల్షియం క్లోరైడ్ 0.2, మెగ్నీషియం క్లోరైడ్ 0.1, సోడియం బైకార్బనేట్ 1, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.05, గ్లూకోజ్ 1 గ్రాము. కాల్షియాన్ని వేరే గ్లాసులో కరిగించి, మిగతావన్నీ పూర్తిగా కరిగాక, కలియబెడుతూ చివర్లో పోయాలి. ముందే వేశారంటే ద్రావణం తెల్లగా మసకబారుతుంది, కాల్షియం అడుగున చేరుతుంది. అలాంటి ద్రావణాన్ని పారబోయడమే మేలు. గ్లూకోజ్ వాడే రోజే వేయాలి. ముందు రోజు వేసి ఉంచితే తెల్లారేసరికి సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయి.

కాల్షియం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే దాని వెనక ఒక పాత కథ ఉంది. 1882లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకునేలా చేశానని ప్రకటించాడు. ద్రావణం స్వేదన జలంతో చేసిందని నమ్మాడు. నిజానికి అది కుళాయి నీళ్లతో చేసింది. అసలు స్వేదన జలంతో మళ్లీ చేస్తే గుండె కాసేపట్లోనే బలహీనపడి ఆగిపోయింది. ఇంకొకరైతే ఆ రీడింగును చెడిపోయిన ప్రయోగమని కొట్టేసేవారు. రింగర్ కుళాయి నీళ్లలో ఏముందని వెతికాడు. సున్నం ఉంది, అంటే కాల్షియం. 1883లో తన ముందు పేపర్‌ను తానే సవరిస్తూ గుండె కండరానికి కాల్షియం తప్పనిసరి అని రాశాడు. ఆస్పత్రుల్లో ఈరోజు ఎక్కించే రింగర్ లాక్టేట్ సీసా మీద ఉన్న పేరు ఆయనదే. మీ ల్యాబ్‌లో స్వేదన జలం క్యాను నిండుకుంటే ఎవరో ఒకరు కుళాయి కింద పెట్టి నింపేస్తారు. ఆ రోజు మీ రీడింగులు మారతాయి. ఎందుకు మారాయో తెలియాలంటే ఏ నీళ్లు వాడారో నోట్‌బుక్‌లో ఉండాలి.

రెండో కథ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే రంగు పద్ధతిని 1925లో ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపితే నీలిరంగు వస్తుంది, రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ చేయిస్తారు. ఆ పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రవం మీద వాడితే రంగు రావాల్సిన వేగంతో రాలేదు, ఆలస్యంగా ముదిరింది. కండరంలో ఫాస్ఫేటును పట్టుకుని మెల్లగా వదులుతున్న పదార్థమేదో ఉందని వాళ్లు పసిగట్టారు. పిల్లి కండరం మీద పనిచేసి 1927లో దాన్ని బయటపెట్టారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతినిస్తే తిరిగి పెరుగుతుంది. కండరం సంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లమే అన్న సిద్ధాంతానికి అప్పటికి ఐదేళ్ల కిందటే నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సిద్ధాంతం దీంతో వెనక్కి తగ్గింది. ఆ రంగు మామూలుగా ఎంతసేపట్లో ముదరాలో చేతికి బాగా అలవాటైనవాళ్లకే ఆలస్యం కంటపడుతుంది.

ఎలుక మీదికి వెళ్లాక

ముందు అనుమతి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960, దాని కింద 1998లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి సంస్థా కేంద్ర కమిటీ దగ్గర నమోదై ఉండాలి. ఆ కమిటీని నిన్నమొన్నటి దాకా సీపీసీఎస్‌ఈఏ అనేవాళ్లం, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. మీ కాలేజీలోని నైతిక కమిటీ ప్రొటోకాల్‌ను ఆమోదించాకే ఎలుకలు కొనాలి. ప్రయోగం చేసేసి తర్వాత సంతకం పెట్టించుకుందామనే ఆలోచన రానివ్వకండి. కమిటీ అడిగే ప్రశ్నలను గండంలా చూస్తారు చాలామంది. అవి మీకు ఉచితంగా దొరుకుతున్న సమీక్ష. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు చెప్పిన మూడు సూత్రాల చుట్టూనే ఆ ప్రశ్నలన్నీ తిరుగుతాయి. జంతువు లేకుండా ఈ జవాబు రాబట్టలేమా? తక్కువ జంతువులతో రాబట్టలేమా? తక్కువ బాధతో రాబట్టలేమా?

చేతిపనులకు వద్దాం. నోటి ద్వారా మందు ఇచ్చే సూదిని ముందు ఎలుక పక్కన పెట్టి, నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తుపెట్టుకోవాలి. అంతకు మించి లోపలికి పోకూడదు. గుండుకొన ఉన్న సూది దాని బరువుకే జారాలి. అడ్డుతగిలితే తోయొద్దు, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. దగ్గు వచ్చినా, ముక్కులోంచి ద్రవం వచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోయిందని అర్థం. పరిమాణం కిలో బరువుకు 10 మిల్లీలీటర్లు దాటకూడదు. అంటే 200 గ్రాముల ఎలుకకు 2 మిల్లీలీటర్లు. పొట్టలోకి ఇచ్చే ఇంజెక్షన్‌కు తలవైపు కాస్త కిందికి వంచి, కుడివైపు కింది భాగంలో గుచ్చాలి. సీకం అనే పెద్ద సంచిపేగు చాలావరకు ఎడమవైపు ఉంటుంది. పిస్టన్‌ను ఒకసారి వెనక్కి లాగి చూడండి. రక్తమో, పసుపు, ఆకుపచ్చ ద్రవమో వస్తే ఆ సూదిని, మందును పారేసి కొత్తది తీసుకోవాలి.

రక్తం విషయంలో మనవాళ్లకు ఆశ ఎక్కువ. పావుకిలో ఎలుకలో మొత్తం ఉండేదే 16 మిల్లీలీటర్ల చిల్లర. బతికి ఉండాల్సిన ఎలుక నుంచి ఒక దఫాకు అందులో పదోవంతు, ఒకటిన్నర మిల్లీలీటర్‌కు కాస్త అటూ ఇటూ. ఆపైన రెండు వారాలు ఆగాలి. పన్నెండు పరీక్షలు చేయాలని పథకం వేసుకున్నవాళ్లు ఆ పరీక్షలకు ఎంత సీరం కావాలో ముందే కూడి చూసుకోండి.

మన ఫార్మసీ కాలేజీల థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే నమూనా స్ట్రెప్టోజోటోసిన్‌తో చేసే మధుమేహం. దీనికి కాస్త ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే ఇందులో చచ్చే ఎలుకల్లో చాలావాటిని బతికించుకోవచ్చు. ఈ మందు సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 4.5 దగ్గర, మంచులో ఉంచి, అప్పటికప్పుడు కలుపుకోవాలి. కలిపి కబుర్లాడుతూ కూర్చుంటే విరిగిపోతుంది. అప్పుడు మొదటి ఎలుకకు పూర్తి డోసు, చివరిదానికి నీళ్లు ఇచ్చినట్టే. మందు పడ్డాక బీటా కణాలు చచ్చిపోతూ తమలోని ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదిలేస్తాయి. ఆ మొదటి రోజే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే ఆ రాత్రి నీళ్ల సీసాలో గ్లూకోజ్ కలపాలి. కలపని చోట తెల్లారేసరికి కొన్ని ఎలుకలు చచ్చి ఉంటాయి, "డోసు ఎక్కువైంది" అని రాసేస్తారు. మూడో రోజు చక్కెర చూసి మధుమేహం స్థిరపడిందో లేదో నిర్ణయించాలి. అప్పటి నుంచి అవి విపరీతంగా నీళ్లు తాగి మూత్రం పోస్తాయి. వారానికి రెండుసార్లు మార్చే పొట్టును రోజూ మార్చాలి, సీసాలు రోజుకు రెండుసార్లు నింపాలి. ఈ పని అటెండర్‌కు అదనపు భారం. ముందే వెళ్లి మాట్లాడుకోండి, సాయం చేయండి. ఇంకొకటి, మత్తు కోసం కెటమిన్‌తో కలిపి ఇచ్చే జైలజిన్ తనంతట తానే రక్తంలో చక్కెరను పెంచుతుంది. చక్కెర కొలవాల్సిన ప్రయోగంలో మత్తిచ్చి రక్తం తీసేముందు మీ పశువైద్యుణ్ణి అడగండి.

మత్తులో ఉన్న ఎలుక ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. కింద వెచ్చటి ప్యాడ్ ఉండాలి. కళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి ఆరిపోకుండా ఆయింట్‌మెంట్ రాయాలి. కాలివేళ్ల మధ్య నొక్కితే కాలు వెనక్కి లాక్కుంటుంటే ఇంకా కత్తి పట్టొద్దు. తోకకు పట్టీ వేసి రక్తపోటు కొలిచే పద్ధతిలో ఎలుకను గొట్టంలో పెట్టి, తోక వెచ్చబరచి, కొన్ని రోజులు ఊరికే అలవాటు చేయాలి. ఆ రోజుల రీడింగులు లెక్కలోకి రావు.

గ్రూపుకు ఆరు ఎందుకు?

ఏ థీసిస్ తిప్పినా గ్రూపుకు ఆరు ఎలుకలు. ఎందుకని అడిగితే సీనియర్ థీసిస్‌లో అంతే ఉందంటారు. ఇది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే జవాబు. ఎంత తేడా వస్తుందని ఆశిస్తున్నారు, రీడింగుల్లో ఎంత హెచ్చుతగ్గులున్నాయి, వీటి మీద సంఖ్య ఆధారపడుతుంది. పాత పేపర్లలోని సగటు, విచలనం తీసుకుని లెక్కవేయొచ్చు. అసలు ముందు సమాచారమే లేకపోతే ఒక మోటు లెక్క ఉంది. మొత్తం ఎలుకల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేయండి, వచ్చింది 10కీ 20కీ మధ్య ఉండాలి. నాలుగు గ్రూపులు, గ్రూపుకు ఆరు, 24లోంచి 4 పోతే 20. సరిపోయింది. అదే రెండు గ్రూపులైతే 12లోంచి 2 పోతే 10, అంచున నిలబడ్డారు. ఎనిమిది గ్రూపులైతే 40, అంటే అవసరానికి మించి చంపుతున్నారు.

గ్రూపులు వేయడంలో ఒక మాయ ఉంది. పంజరంలో చేయి పెట్టగానే ముందు దొరికేవి మందకొడివి, చివరికి మిగిలేవి చురుకైనవి. దొరికిన వరసలో కంట్రోల్ నుంచి నింపుకుంటూ పోతే మందు పడకముందే గ్రూపుల మధ్య తేడా వచ్చేసింది. తోక మీద నంబర్లు వేసి, చీటీలు తీసి గ్రూపు వేయండి. రీడింగ్ తీసేవాళ్లకు ఏది ఏ గ్రూపో తెలియకూడదు. స్లైడులు చూసే పాథాలజిస్టుకు అసలే తెలియకూడదు. ఒక స్నేహితుణ్ణి కోడ్ రాసిపెట్టమంటే పది నిమిషాల పని. అయినా మన థీసిస్‌లలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ పది నిమిషాల పనినే.

ప్రయోగం మధ్యలో ఎప్పుడు ఆపాలో కూడా మొదలుపెట్టకముందే రాసుకోవాలి. బరువు ఐదోవంతు పడిపోతేనో, తినలేక నడవలేక ఉంటేనో ఆ ఎలుకను ప్రయోగం నుంచి తప్పించాలి. డేటా పోతుందని ఇంకో వారం ఉంచితే ఆ వారపు డేటా ఎందుకూ పనికిరాదు, దాని బాధ మాత్రం నిజం.

చివరి రోజు

చంపాల్సిన రోజు వస్తుంది. దాని గురించి మాట్లాడకుండా తప్పించుకునే పుస్తకాలు ఎక్కువ. ఆమోదించిన పద్ధతిలో, నేర్చుకున్న చేత్తో, మిగతా ఎలుకల కంటికి, ముక్కుకు దూరంగా వేరే గదిలో చేయాలి. చచ్చిందని గుండె, ఊపిరి రెండూ చూసి రూఢి చేసుకోవాలి. మొదటిసారి చేశాక అన్నం సయించని విద్యార్థులుంటారు. అది బలహీనత కాదు, సీనియర్లు దాన్ని నవ్వులాట చేయడం మాత్రం సంస్కారం కాదు. నెలలు గడిచినా మనసు ఒప్పకపోతే కణాల కల్చర్, కంప్యూటర్ నమూనాలు, మనుషుల మీద చేసే హానిలేని ఫిజియాలజీ ప్రయోగాలు ఉన్నాయి. కొత్త మందుల పరీక్షలో జంతువులు లేని పద్ధతులను అమెరికా 2022లో, మన దేశం 2023లో చట్టపరంగా ఒప్పుకున్నాయి. అటు వెళ్లినవాళ్లకు పనికేమీ కొదవ ఉండదు. అలాగే ఎలుకను చంపి ఏమీ అనిపించని స్థితి వచ్చిందంటే కొన్నాళ్లు పని ఆపి ఎవరితోనైనా మాట్లాడండి.

ఈ పనిని పద్ధతిగా నేర్చుకోవాలంటే మన దగ్గరే చోటుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న ల్యాబ్‌గా మొదలుపెట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాల జంతువుల సంరక్షణలో దశాబ్దాలుగా శిక్షణ ఇస్తూ వచ్చింది. అక్కడి కాలనీలోనే స్థూలకాయ ఎలుకల వంశం ఒకటి సహజంగా పుట్టుకొచ్చి దేశమంతా పరిశోధనల్లోకి వెళ్లింది. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. ఏ సంస్థలో ఏ కోర్సు ఎప్పుడుందో ప్రకటనలు చూస్తుండండి. అవకాశం వస్తే మీ అటెండర్‌ను కూడా పంపమని కాలేజీని అడగండి.

పేపర్ రాసేటప్పుడు ఎన్ని ఎలుకలతో మొదలుపెట్టారో, ఎన్ని మధ్యలో చచ్చాయో, ఎందుకు చచ్చాయో దాచకుండా రాయండి. పత్రికలు ఇప్పుడు అడుగుతున్న అరైవ్ మార్గదర్శకాలు చెప్పేదీ అదే. ఇంకొక్క పని. చివరి రోజుకు వారం ముందే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టండి: ఫలానా రోజు ఇన్ని కంట్రోల్ ఎలుకలు, కాలేయం, మూత్రపిండాలు నాకు అక్కర్లేదు, కావాల్సినవాళ్లు ట్యూబులు, ఐసు తెచ్చుకోండి, కుట్లు నేర్చుకోవాలనుకునే జూనియర్లు రావొచ్చు. ఒకరి కంట్రోల్ కణజాలం ఇంకొకరికి పైలట్‌కు సరిపోతే వాళ్లు కొనాల్సిన ఎలుకలు ఆ మేరకు తగ్గుతాయి.